కాకి తన్నితే పంపే కబురు

ప్రమాదం ముంచుకొస్తోందని జనానికి తెలుగులో చెప్పే పని నా మెడకి ఎలా చుట్టుకుందో నాకు ఇప్పటికీ అయోమయమే. నేను విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. ఛందస్సు మొదలుపెడితే వెనక బెంచీల వాళ్ళు హాయిగా నిద్రపోయేవాళ్ళు. అలాంటి నన్ను పిలిచి, కృష్ణా డెల్టాలో నిద్రపోతున్న వాళ్ళందర్నీ లేపే మాటలు రాయమన్నారు. నవ్వాలో ఒప్పుకోవాలో తెలియక ఒప్పుకున్నాను.

ఒక విదేశీ సంస్థా, మన ప్రభుత్వమూ కలిసి తుఫాను, వరద హెచ్చరికలు ఇంటింటికీ చేరే ఏర్పాటు చేస్తున్నాయి. స్తంభాల మీద సైరన్లు, ఫోన్లకి సందేశాలు, ఊళ్ళలో వాలంటీర్లకి శిక్షణ, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా మనుషులకు అర్థమయ్యే తెలుగు. అంతకు ముందు ఎవరో రాసిన హెచ్చరిక ఒకటి నాకు చూపించారు. "ప్రతికూల వాతావరణ పరిస్థితుల దృష్ట్యా" అని మొదలై, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా నడిచిన ఒకే ఒక్క వాక్యం. అది చదవడం అయ్యేలోపు వరద వచ్చి వెళ్ళిపోతుంది కూడా. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే సరేనన్నట్టున్నాను.

గుణదలలో ఒక మేడ మీద వాళ్ళ ఆఫీసు. అక్కడ నాతో కలిసి పనిచేసింది నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక ఇంజినీరమ్మ. పొడుగు మనిషి, మన ఎండకి మొహం ఎప్పుడూ కందిపోయి ఉండేది. వాళ్ళదీ డెల్టా దేశమేనట, చాలా ఊళ్ళు సముద్రం కంటే కిందే ఉంటాయట. అలాంటి చోట పడుకుంటే నిద్రెలా పడుతుందని అడిగాను. గట్లు కట్టినవాళ్ళ మీద నమ్మకం అంది. మా వీధిలో కుళాయి మీదే ఎవరికీ నమ్మకం లేదు, కాబట్టి ఆ మాట నాకు ఎక్కలేదు.

మొదటి రోజే ఆవిడ ఒక ప్రశ్న వేసింది. ఫోనుకి హెచ్చరిక వస్తే మీ వాళ్ళు ముందు ఏం చేస్తారు?

"పక్కింటి వాళ్ళకి వచ్చిందో లేదో కనుక్కుంటారు," అన్నాను.

"తర్వాత?"

"పక్కింటి వాళ్ళు ఏం చేస్తున్నారో చూస్తారు."

"వాళ్ళేం చేస్తుంటారు?"

"వాళ్ళు వీళ్ళని చూస్తుంటారు."

ఆవిడ పగలబడి నవ్వింది. నేను హాస్యానికి అనలేదు. ఆ తర్వాత కొన్ని వారాలు చిన్న చిన్న వాక్యాలు రాశాను. "లోతట్టు ప్రాంతాల వాళ్ళు వెంటనే ఇల్లు వదిలి ఎత్తైన చోటికి వెళ్ళండి. చీకటి పడేదాకా ఆగకండి." ఇలాంటివి. రాసినవి మా పెద్దమ్మకి ఫోన్లో చదివి వినిపించేదాన్ని. ఆవిడకి అర్థమైతే డెల్టా మొత్తానికి అర్థమైనట్టే అని నా లెక్క.

పెద్దమ్మ అంటే అమ్మకి అక్క. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆవిడే. పెడన దగ్గర నేతవాళ్ళ ఊళ్ళో ఉంటుంది. పెదనాన్న ఉన్నంతకాలం ఇంట్లో మగ్గం ఆడింది. ఆయన పోయాక దాన్ని పక్కింటి వాళ్ళకి ఇచ్చేసింది. వాళ్ళకి నూలు కండెలు చుట్టిపెడుతూ, చీరలు మూటకట్టి విజయవాడ వన్‌టౌన్ కొట్లకి తెచ్చి అమ్ముతూ తన బతుకు తను బతికింది. పిల్లల్లేరు. ఆవిడకి నేను, నాకు ఆవిడ. ఈ వాక్యం దగ్గర నాకు వెటకారం రాదు.

నా చిన్నప్పటి సంగతి ఒకటి ఇక్కడ చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. పెరట్లో రంగు వేసిన నూలు ఆరేస్తుంటే ఒక కాకి వచ్చి నా తలమీద తన్ని పోయింది. మా వాళ్ళలో అది చావుకి సూచన. దానికి విరుగుడు కూడా ఉంది. కాకి తన్నిన మనిషి చచ్చిపోయిందని దూరాన ఉన్న దగ్గర బంధువుకి అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమని నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో దోషం పోతుంది. పెద్దమ్మ ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే మా మేనమామకి కబురు చేసింది. ఆయన డ్యూటీ బట్టలతోనే బస్సెక్కి దారంతా ఏడ్చుకుంటూ వచ్చాడు. వీధిలో అడుగు పెట్టేసరికి నేను అరుగు మీద కూర్చుని చెరుకుముక్క నములుతున్నాను. నన్ను చూసి ఆయన ఇంకా గట్టిగా ఏడ్చాడు. తర్వాత పెద్దమ్మని నానా తిట్లూ తిట్టి, కడుపునిండా తిని వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోదు. పెద్దమ్మ నాకు తలంటు పోసి, శివాలయానికి తీసుకెళ్ళి, ఆ పూట వేరే వాళ్ళింట్లో అన్నం పెట్టించి, రాత్రికి అక్కడే పడుకోబెట్టింది. ఏ ఇంటి నుంచి చావుకబురు వెళ్ళిందో ఆ ఇంట్లో ఆ రోజు 'పోయిన' మనిషి తినకూడదు, పడుకోకూడదు. అదీ మా పద్ధతి. ఇందులో నాకు నమ్మకం ఉందా లేదా అంటే, నేను ఎమ్మే చదివాను. కాకి కనబడితే గొడుగు తెరుస్తాను.

సైరన్ పరీక్షకి ఇంజినీరమ్మ ఎంచుకున్న ఊళ్ళలో పెద్దమ్మ ఊరు కూడా ఉంది. ఆ రోజు నేనూ వెళ్ళాను. ముందుగా ఫోన్లకి నేను రాసిన సందేశం వెళ్ళింది. "ఇది పరీక్ష మాత్రమే. నిజమైన హెచ్చరిక కాదు." పెద్దమ్మ చూపు ఆనదు, ఫోను ఎత్తి మాట్లాడటం తప్ప అందులోవి చదవదు. సైరన్ మోగింది. వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కసారి ఆగిపోయింది. పెద్దమ్మ కండెల బుట్ట ఒకటి చంకనేసుకుని తుఫాను షెల్టరు దాకా పరుగెత్తుకొచ్చి, మెట్ల మీద కూలబడి బావురుమంది. ఊరు పోతోందని, మగ్గాల గుంటల్లోకి నీళ్ళొస్తాయని, దిక్కెవరని ఏడ్చింది. పక్కనున్న ఆడవాళ్ళూ అందుకున్నారు.

అప్పుడు వాలంటీరు మైకులో ఇది పరీక్షేనని చెప్పాడు. పెద్దమ్మ ఏడుపు ఆపింది. కళ్ళు తుడుచుకుంది. ఆవిడ మొహం వికసించడం నేను నా కళ్ళతో చూశాను. లేచి వచ్చి ఇంజినీరమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"చల్లగా ఉండు తల్లీ! ఎక్కణ్ణించో వచ్చి మా ఊరి కోసం అబద్ధపు కబురు పెట్టావు. నిజంగానే ఏడిచాం. దోషం పోయింది. ఇంక ఈ ఏడు మాకు ఏ గండమూ లేదు."

ఇంజినీరమ్మ చిరునవ్వుతో నా వైపు తిరిగింది. ఏమంటోంది? నేను చెప్పడం మొదలుపెట్టాను. కాకి దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. చెబుతున్నకొద్దీ ఆవిడ చిరునవ్వు మెల్లగా పోయింది.

గుణదల ఆఫీసులో దీని మీద పెద్ద సమావేశం జరిగింది. పరీక్ష పెట్టకపోతే సైరన్ పనిచేస్తుందో లేదో తెలియదు. పెడితే గండం గడిచిపోయిందని జనం నిశ్చింతగా పడుకుంటారు. మరి ఏం చేద్దాం? ఢిల్లీ నుంచి వచ్చిన నిపుణుడు అవగాహన పెంచాలన్నాడు. ఎవరి అవగాహన అని నేనడిగితే, అందరిదీ అన్నాడు. తర్వాత అందరూ నా మొహం చూశారు, తెలుగువాళ్ళందరి తరఫునా నేను జవాబు చెప్పాలన్నట్టు. నాకేం తెలుసు? నేను టీ తాగాను.

ఆ వానాకాలం చివర్లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. ఈసారి నిజం హెచ్చరిక. తీరం పొడుగునా సైరన్లు మోగాయి. టీవీలో పెద్దమ్మ వాళ్ళ వైపు ఊళ్ళ పేర్లు చదువుతున్నారు. పొద్దున్నే ఆవిడకి ఫోన్ చేశాను.

"షెల్టరుకి వెళ్ళావా?"

"ఎందుకే?" అంది పెద్దమ్మ తాపీగా. వెనకాల రాట్నం తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"సైరన్ వినలేదా? తుఫాను వస్తోంది పెద్దమ్మా!"

"మొన్ననేగా ఏడిచాం. ఒకసారి ఏడిచాక మళ్ళీ ఏంటే? చదువుకున్నదానివి, నీకు ఆమాత్రం తెలీదూ?"

"అది పరీక్ష! ఇది నిజం!"

"అదే నేనూ చెప్పేది. అది అబద్ధం కాబట్టే ఇది రాదు. పండగ చీరలకి కండెలు చుట్టాలి, పెట్టేయ్."

పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నాకు కోపం, భయం, ఏడుపు కలిపి వచ్చాయి. ఒక దేశపు ఇంజినీర్లు, ఇంకో దేశపు అధికారులు, ఆకాశంలో ఉపగ్రహాలు, నేను రాసి కొట్టేసి మళ్ళీ రాసిన చిట్టి వాక్యాలు, ఇవన్నీ కలిసి ఒక్క ముసలావిణ్ణి రాట్నం ముందు నుంచి లేపలేకపోతున్నాయి. వెళ్ళి లాక్కొద్దామంటే నా మోకాళ్ళ నొప్పులు ఆ వారం గడప దాటనివ్వడం లేదు. ఆవిణ్ణి కదిలించే కబురు ఈ లోకంలో ఒకటే ఉందని నాకు తెలుసు. అది పంపడానికి నోరు రాలేదు.

చివరికి మేడ మీద ఉండే మా ఓనరమ్మ గారిని బతిమాలాను. ఆవిడ చెవులు మూసుకుని "శివశివా, నాతో ఏం పని చేయిస్తున్నారండీ" అంటూనే ఫోన్ తీసుకుంది. విడవకుండా మోగిస్తే చివరికి పెద్దమ్మ ఎత్తింది.

"అమ్మా, మీ అమ్మాయికి ఏం బాలేదండీ. ఆఖరి చూపు చూసుకుందురుగాని, వెంటనే బయల్దేరండి."

పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డ నాకు ఫోన్లోంచి పెద్దమ్మ కేక వినబడింది. రాట్నం చప్పుడు ఆగిపోయింది. నేను బతికుండగానే నా కోసం ఒక మనిషి ఎలా ఏడుస్తుందో విన్నాను. అది వినదగ్గది కాదు.

మధ్యాహ్నం దాటాక, కుండపోతగా కురుస్తున్న వానలో వచ్చింది. బందరు బస్సు దిగి ఆటోలో వచ్చిందట. తడిసి ముద్దయింది, జుట్టుముడి ఊడిపోయింది, కాళ్ళకి చెప్పుల్లేవు. తలుపు నేనే తీశాను. నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత చెంప ఛెళ్ళుమనిపించింది. నా అంత వయసుదాన్ని కొట్టొచ్చా అని కూడా చూడలేదు.

"కాకి తన్నిందా?" అంది.

"లేదు."

"మరి?"

"తుఫాను."

పెద్దమ్మ గుమ్మంలోనే కూర్చుని మళ్ళీ ఏడ్చింది. ఇది వేరే ఏడుపు. బస్సులో ప్రతి ఊరు దాటుతుంటే నన్ను చివరిసారి ఎప్పుడు చూశానా అని గుర్తుతెచ్చుకుందట. నేను ఆవిడ పాదాలు పట్టుకున్నాను. నువ్వు అక్కడ లేవు, అది చాలు నాకు అన్నాను. ఆవిడ వినడం లేదు. ఉన్నట్టుండి కళ్ళు తుడుచుకుని లేచింది.

"లే. తలంటు పోసుకో."

"ఎందుకు?"

"ఎందుకేంటి? నువ్వు పోయావని కబురొచ్చింది. నేను ఏడిచాను. కాకి లేకపోయినా కబురు కబురే. సగంలో వదిలేస్తే నిజమై కూర్చుంటుంది."

ఎంత చెప్పినా వినలేదు. ఈ వానలో గుడేంటి పెద్దమ్మా అన్నాను. కబురు వెళ్ళిన ఈ ఇంట్లో నన్ను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వనంది. నాకు ఆ రోజు ఆవిడతో వాదించే మొహం లేదు. తలంటు పోసుకుని, మోకాళ్ళు కూడదీసుకుని, ఆవిడ పిలిచిన ఆటో ఎక్కాను. దారిలో నా ఫోన్ పెద్దగా కూసింది. తీసి చూస్తే నా వాక్యమే. "లోతట్టు ప్రాంతాల వాళ్ళు వెంటనే ఇల్లు వదిలి ఎత్తైన చోటికి వెళ్ళండి." చక్కగా కుదిరింది, ఎక్కడా తడబాటు లేదు అనుకున్నాను. చదివి ఫోన్ సంచిలో వేసుకున్నాను. లోతట్టు అంటే నా మనసులో పెద్దమ్మ ఊరు. బుడమేరు వాగుకి అంత దగ్గర్లో కింది వాటాలో కాపురముంటూ, ఆ మాట రాసిన రోజు కానీ చదివిన రోజు కానీ మా వీధి నాకు గుర్తుకు రాలేదు.

వన్‌టౌన్‌లో శివాలయం చూసుకుని, పెద్దమ్మ దగ్గర చీరలు కొనే కొట్టువాళ్ళ మేడ మీదికి చేరాం. పెద్దమ్మ జరిగింది చెబితే ఆ ఇంటి ఇల్లాలు అదేమీ వింత కాదన్నట్టు ఇద్దరికీ వేడివేడిగా అన్నం, పప్పుచారు పెట్టింది. అక్కడే పడుకున్నాం.

తెల్లారి ఓనరమ్మ గారి ఫోన్. ఎక్కడో కొండపల్లి వైపు కొండల్లో కురిసిన వానంతా బుడమేరులోకి దిగి, మా వీధి మీద పడిందట. నా వాటాలో నీళ్ళు కిటికీ దాటి ఉన్నాయట. "మీరు లోపల లేకపోవడం మంచిదైందండీ" అని ఆవిడ ఏడుస్తోంది. నా మంచం ఆ కిటికీ కిందే ఉంటుంది. ఆ వారం నొప్పులకి వేసుకుంటున్న మాత్రతో నాకు ఒళ్ళు తెలియని నిద్ర. లేచేదాన్నేమో, మేడ ఎక్కేదాన్నేమో. ఎక్కలేకపోయేదాన్నేమో.

పెద్దమ్మ ఊరికి ఫోన్ చేశాం. నాలుగు చినుకులు పడి వెలిసిందట. మగ్గాలు ఆడుతున్నాయట. ఎక్కడా చుక్క నీరు లేదట.

నీళ్ళు తీశాక ఇద్దరం వెళ్ళి ఇంట్లో బురద ఎత్తిపోసుకున్నాం. నా పుస్తకాలు అట్టలు ఉబ్బి ముద్దలైపోయాయి. పెద్దమ్మ చీపురు పట్టుకుని, "చూశావా, నీ కోసం ఏడిచాను కాబట్టి దక్కావు" అంది. నేను నిన్ను కాపాడదామని పిలిచాను కదా అన్నాను. "అవునా, మరి ఎవరిని కాపాడావు?" అంది. నేను బురద బకెట్ ఎత్తుకుని బయటికి నడిచాను.

కొన్ని వారాల తర్వాత, సెలవు మీద వెళ్ళిన ఇంజినీరమ్మ వాళ్ళ దేశం నుంచి తిరిగి వచ్చింది. మా ఇంటి గోడ మీద నీటి మరకని చేత్తో తడిమి చూసింది. హెచ్చరిక పనిచేసిందా అని అడిగింది. నేను చెప్పబోయి ఆగాను. పెద్దమ్మకి హెచ్చరిక వచ్చింది, నమ్మలేదు, నమ్మకపోవడమే సరైంది. నాకు వచ్చింది, నమ్మాను, కానీ అది నాకని తెలియలేదు. నేను పంపిన అబద్ధం ఆవిణ్ణి ఏ ప్రమాదమూ లేని చోటు నుంచి వరద ముంగిట్లోకి తెచ్చింది. ఆవిడ పద్ధతి ఇద్దర్నీ అక్కణ్ణించి తప్పించింది. ఇందులో ఏది పనిచేసింది? ఇంజినీరమ్మ తనకీ తెలియడం లేదంది. ఆ మాట అన్నందుకు ఆవిడంటే నాకు ఇష్టం ఏర్పడింది. కలిసి చేసిన పని మాత్రం ఒకటుంది. సందేశాల్లో "లోతట్టు ప్రాంతాలు" తీసేసి, వీధుల పేర్లు పెట్టాం. మా వీధి పేరు నేనే టైపు చేశాను.

మరుసటి ఏడు మళ్ళీ వానలు పట్టాయి. గోడలకి సున్నం వేయించుకుని నేను ఆ వాటాలోనే ఉన్నాను. ఒక పొద్దున ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. ఫోన్‌కి సందేశం ఏమీ రాలేదు. రానందుకు సంతోషించాలో, అనుమానించాలో తోచక కిటికీ దగ్గర నిలబడి ఉండగా, పెద్దమ్మ ఇంటి నుంచి వాళ్ళ పక్కింటాయన ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ పెద్దమ్మగారి పరిస్థితి ఏం బాలేదండీ. ఉన్నపళంగా బయల్దేరండి."

నాకు తెలుసు. తెలియకేం? ఇలాంటి కబురు పుట్టిందే మా ఇంట్లో. కానీ ఆవిడ వయసు నాకు తెలుసు, ఆయాసమూ తెలుసు. అబద్ధమే అయ్యుంటుందని ఇంట్లో కూర్చోగలనా? ఆవిడకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బీరువా తాళం వేశానో లేదో గుర్తులేదు. బందరు బస్సెక్కాను. కంకిపాడు దాటేదాకా ఇది అబద్ధం అని నాకు నేను చెప్పుకున్నాను. ఉయ్యూరు వచ్చేసరికి చెప్పుకోవడం చేతకాలేదు. పక్క సీటావిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

బస్సు ఆగింది. వానలో, గొడుగు వేసుకుని, పెద్దమ్మ నిలబడి ఉంది.

"నీకు బాలేదన్నారు," అన్నాను.

"నాకేం, రాయిలా ఉన్నాను. మీ ఊళ్ళో వాన వదలట్లేదటగా."

తిట్టాలని నోరు తెరిచాను. పెద్దమ్మ గొడుగు నా మీదికి వంచి, నా మొహంలోకి దగ్గరగా చూసింది.

"నిజంగా ఏడిచావా?"

"ఏడ్చాను."

"దారంతానా?"

"ఉయ్యూరు నుంచి."

చెంగుతో నా కళ్ళు తుడిచింది.

"అయితే చాలు. పద, పక్కవాళ్ళింట్లో మన ఇద్దరికీ అన్నం వండించాను."